అప్‌డేట్: ఈ-రూపాయి వస్తే నోట్లు బందయితయా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి, పత్తి పైసలు ఇక ఈ-రూపాయిలనే (ఆర్‌బీఐ తెచ్చిన డిజిటల్ రూపాయి) ఇస్తరా, నోట్లు పోతయా అని ముందు పోస్టుల అడిగిన కదా. మీ జవాబులు, ఆర్‌బీఐ కాగితాలు చదివినంక తేలింది: ఇప్పట్లో పోవు. 2025 మార్చి చివరికి చలామణిలో ఉన్న ఈ-రూపాయి సుమారు 1,016 కోట్లు. నోట్లేమో 36 లక్షల కోట్ల పైమాటే! చట్టం మాత్రం సిద్ధమే. 2022లోనే 'బ్యాంకు నోటు' అంటే డిజిటల్ రూపం కూడా అని సవరించిన్రు. జనం వాడే పైలట్ (ప్రయోగం) అదే ఏడాది డిసెంబర్ 1న మొదలైంది.

అసలు తికమక యూపీఐతోని. యూపీఐల కదిలేది బ్యాంకు ఖాతాల సొమ్ము. ఈ-రూపాయి వాలెట్‌ల ఉండేది నేరుగా ఆర్‌బీఐ మనకు బాకీ ఉన్న సొమ్ము, జేబుల నోటు లెక్కనే. అందుకే వడ్డీ రాదు. యాప్‌ల 500, 200, 100 లాంటి నోట్ల బొమ్మలే కనిపిస్తయి.

వాడి చూడాలంటే మీ బ్యాంకు ఈ-రూపాయి యాప్ వేసుకోండి. బ్యాంకుల ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌ల ఉండాలె, లేకుంటే ఎస్సెమ్మెస్ వెరిఫికేషన్ దగ్గరనే ఆగుతది. పిన్ పెట్టి ముందుగాల 100 రూపాయలే ఎక్కించండి. కిరాణా షాపు యూపీఐ క్యూఆర్‌నే స్కాన్ చేయొచ్చు. అయితే షాపాయనకు ఈ-రూపాయి వాలెట్ లేకుంటే ఆ సొమ్ము ఆయన బ్యాంకు ఖాతాల పడుతది. అంటే ఒక్క చెయ్యి మారంగనే మళ్ల మామూలు బ్యాంకు డబ్బే. చలామణి పెరగకపోవడానికి నాకైతే ఇదే పెద్ద కారణం అనిపిస్తుంది.

ఫోన్ మారుస్తుంటే వాలెట్ సొమ్మును ముందే ఖాతాలకు తిప్పుకోండి.