క్లాసులో యూట్యూబ్ వీడియో వేస్తే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తున్నారు, ఎలా వాడాలి?

సుద్దముక్క (ప్రశ్న)

తొమ్మిదో తరగతి, భౌతికశాస్త్రం. పీరియడ్ 45 నిమిషాలు. ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్, స్పీకర్లు ఉన్నాయి, నెట్ మాత్రం దాని ఇష్టం. స్వేచ్ఛాపతనం పాఠానికి 12 నిమిషాల వీడియో ఒకటి ఎంచి పెట్టుకున్నాను. ఇలాంటివి వేస్తే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు గానీ, అయ్యాక అడిగితే బొమ్మలు గుర్తుంటాయి, సంగతి గుర్తుండదు. మధ్యలో యాడ్ వస్తే క్లాసు చెదిరిపోతుంది. అయిపోగానే తెర మీద ఏవేవో వీడియోలు వరస కడతాయి. ఎంతసేపు వేయాలి, ఎక్కడ ఆపాలి, యాడ్లకీ నెట్‌కీ ఏం చేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లోలకం

12 నిమిషాలూ వేయకండి మాస్టారూ. చాలా వీడియోల్లో మొదట పలకరింపు, చివర 'సబ్‌స్క్రైబ్ చేయండి', నడుమ మీరే ఇంకా బాగా చెప్పగలిగే వివరణ. బోర్డు మీద, బల్ల మీద మీరు చూపించలేనిది ఏదుందో అదొక్కటే వీడియోకి వదిలేయండి.

ఈ పాఠానికైతే 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ, డేగ ఈకనీ ఒకేసారి వదిలిన క్లిప్ చాలు. నిమిషం లోపు అయిపోతుంది.

ముందు ప్రశ్న వేయండి: "చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ వదిలితే ఏది ముందు పడుతుంది? లేక రెండూ తేలుతూ ఉండిపోతాయా?" జవాబు నోటుబుక్కులో రాయించండి, ఒక్క వాక్యం, కారణంతో సహా. నోటితో చెప్పమంటే ముందు బెంచీ వాళ్లు అన్నదే క్లాసంతటి జవాబైపోతుంది. తర్వాత చేతులెత్తించి, ఏ జవాబుకి ఎంతమందో బోర్డు మీద వేయండి. అప్పుడు ప్లే నొక్కి, స్కాట్ రెండు చేతులూ చాచి వదలబోయే చోట ఆపండి. "ఎవరైనా మాట మార్చుకుంటారా?" అని అడిగి మళ్లీ నడపండి. రెండూ కలిసే నేలను తాకుతాయి. "గాలి లేదు కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ వదిలేయకుండా "సరే, మరి సుత్తి అసలెందుకు పడింది?" అనండి. చంద్రుడి మీద గురుత్వాకర్షణే లేదనుకునేవాళ్లు బయటపడేది ఈ ప్రశ్నకే.

ముందు ఊహించమనడం కాలక్షేపం కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మాజుర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకీ అసలు చూడనివాళ్లకీ అవగాహనలో పెద్ద తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చూసినవాళ్లు మెరుగ్గా చెప్పారు. అవి క్లాసులో ఎదురుగా చేసిన ప్రయోగాలే, వీడియోలు కావు. ఎదురుగా జరిగినదాన్ని చూస్తేనే అలా ఉంటే, తెర మీదిది ఇంకెంత?

తెరచాటు

పద్ధతి పైన చెప్పేశారు, నేను మెషీన్ సంగతి చెబుతాను.

వీడియో మధ్యలో యాడ్ పెట్టే వీలు 8 నిమిషాలు, అంతకు మించిన వీడియోలకే ఉంది. కాబట్టి అదే విషయం మీద చిన్న వీడియో దొరికితే దాన్నే తీసుకోండి, ఇక బెడద మొదట్లో వచ్చే యాడ్‌తోనే. బెల్లు కొట్టకముందే ట్యాబ్ తెరిచి, యాడ్ దాటించి, మీకు కావలసిన సెకను దగ్గర ఆపి ఉంచండి. ఆ తర్వాత పేజీ రిఫ్రెష్ చేశారా, మళ్లీ యాడ్ రావచ్చు.

మొదలు, చివర కత్తిరించడానికి అన్నిటికన్నా సులువు గూగుల్ స్లైడ్స్. వీడియోని స్లైడులో పెట్టి, ఫార్మాట్ ఆప్షన్స్‌లో 'స్టార్ట్ ఎట్', 'ఎండ్ ఎట్' సమయాలు వేయండి, అంత ముక్కే నడుస్తుంది. యూట్యూబ్ పేజీలో షేర్ కింద ఉన్న 'స్టార్ట్ ఎట్' మొదలు మాత్రమే పడుతుంది, చివర పట్టదు. స్లైడులో 'వీడియో అందుబాటులో లేదు' అని వస్తే చాలాసార్లు తప్పు మీది కాదు. ఆ వీడియో పెట్టినవాళ్లే యూట్యూబ్ బయట వేరే చోట నడవకుండా ఆపేసి ఉంటారు. దాన్ని యూట్యూబ్ పేజీలోనే వేయాలి.

సొంత అకౌంటుతో మాత్రం తెరవకండి. రాత్రి మీరు చూసినవాటి తోబుట్టువులన్నీ పొద్దున క్లాసు గోడ మీద ప్రత్యక్షమవుతాయి. బ్రౌజర్‌లో పాఠాలకి వేరే ప్రొఫైల్ పెట్టుకుని, అందులో ఆటోప్లే ఆపి, పిల్లలకి తగనివాటిని దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ వేయండి. ఆ మోడ్‌లో కామెంట్లు కూడా కనబడవు. ఒక్కోసారి నిక్షేపమైన పాఠం వీడియో కూడా దాగిపోతుంది. ఇంట్లో ఆడింది బళ్లో ఆడకపోవడానికి ఇదొక కారణం, ముందురోజే బడి నెట్ మీద ఆడించి చూసుకోండి. వెతుకులాట పిల్లలకి కనబడకూడదంటే ప్రొజెక్టరు రిమోట్‌లో ఫ్రీజ్ బటన్ ఉందేమో చూడండి. నొక్కితే తెర మీది బొమ్మ అలాగే నిలిచిపోతుంది, మీరు ల్యాప్‌టాప్‌లో ఏం చేసుకున్నా కనబడదు.

మౌస్ వదిలేసి కీబోర్డు అలవాటు చేసుకోండి. కె నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. జె 10 సెకన్లు వెనక్కి, ఎల్ 10 సెకన్లు ముందుకి. ఆపి ఉంచి కామా నొక్కితే ఒక్క ఫ్రేము వెనక్కి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్క ఫ్రేము ముందుకి. సుత్తి క్లిప్‌కి ఇది బంగారం. పడిన ఎత్తు సుమారు 1.6 మీటర్లు. చేతిలోంచి జారిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము దాకా పిల్లల చేతే లెక్కపెట్టించండి. సెకనుకి 30 ఫ్రేములైతే దాదాపు 42 రావాలి, అంటే 1.4 సెకన్లు. రెండింతల ఎత్తుని కాలం వర్గంతో భాగిస్తే 1.63 వస్తుంది, చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 మీ/సె². పాత ఫుటేజీ మసకగా ఉంటుంది కనుక రెండు మూడు ఫ్రేములు అటూఇటూ అవుతాయి, ఆ తేడా మీద కూడా మాట్లాడించవచ్చు. సెకనుకి ఎన్ని ఫ్రేములో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్'లో చూడండి, అన్ని అప్‌లోడ్‌లూ ఒకేలా ఉండవు.

సుద్దముక్క

ఫ్రేముల లెక్క బాగుందండీ, అది రేపే పెడతాను. నెట్ సంగతి ఒకటి. ముందే తెరిచి పాజ్‌లో ఉంచితే మొత్తం లోడ్ అయిపోతుంది కదా?

తెరచాటు

అవదండీ, అది పాత కాలపు మాట. ఇప్పుడు ఆపిన చోటి నుంచి కొంతమేరే ముందుకి లోడ్ చేసి ఊరుకుంటుంది. నెట్ మందంగా ఉంటే క్వాలిటీని ఆటోలో వదలకుండా 480పీ దగ్గర బిగించండి. యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం దానికి 1.1 ఎంబీపీఎస్ వేగం చాలు, 720పీకి 2.5, 1080పీకి 5 కావాలి. గ్రాఫులు, చిన్న అక్షరాలు ఉన్న వీడియో అయితే 480పీలో వెనక బెంచీకి ఏమీ కనబడదు, అప్పుడు ఆ ఒక్క ఫ్రేమునీ స్క్రీన్‌షాట్ తీసి స్లైడులో పెట్టుకోండి. బయటి సైట్లలో డౌన్‌లోడ్ చేసుకోవడం యూట్యూబ్ నిబంధనలకి విరుద్ధం. సుత్తి క్లిప్‌కి ఆ ఇబ్బందే లేదు, నాసా సైట్లోనే ఫైలు దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్‌తో పనే లేదు.

ఇంకోటి, ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకి కలిపే హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే చప్పుడు స్పీకర్లలోంచి పోయి ప్రొజెక్టరులోంచి వస్తుంది, లేదా అసలే రాదు. వైర్లు పీకి చూడకుండా ముందు సౌండ్ సెట్టింగులో అవుట్‌పుట్ మార్చండి.

పచ్చసిరా

'వీడియో 6 నిమిషాలు దాటకూడదు' అని చాలామంది అంటుంటారు, ఈ చర్చలోనూ ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. ఆ అంకె 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల మీద వచ్చిన పరిశోధనలోది. ఒంటరిగా కూర్చుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసేయగలిగినవాళ్లు ఎంతసేపు చూశారన్న లెక్క అది. మీ క్లాసులో మూసే బటన్ మీ చేతిలో ఉంది. నిడివి కన్నా రెండు ఆపుళ్ల మధ్య ఎంతసేపు అన్నది చూసుకోండి. 8 నిమిషాల వీడియోని మూడు చోట్ల ఆపితే నడుస్తుంది, ఆపకుండా 4 నిమిషాలు వేసినా పాఠం జారిపోవచ్చు.

క్యాప్షన్ల (మాటలు తెర మీద అక్షరాలుగా రావడం) విషయంలో కాస్త జాగ్రత్త. పిల్లలకి బాగా వచ్చిన భాషలో మాటా, అదే మాట అక్షరాల్లోనూ వస్తే కళ్లు బొమ్మని వదిలేసి అక్షరాల వెంట పోతాయి. వీడియో రెండో భాషలో ఉంటే, వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లలు ఉంటే తప్పక వేయాలి. ఆటోమేటిక్ క్యాప్షన్లు సాంకేతిక పదాల దగ్గరే ఎక్కువ తడబడతాయి. వివరణ కింద 'షో ట్రాన్స్‌క్రిప్ట్' తెరిచి పైనుంచి కిందికి ఒకసారి చదివితే రెండు నిమిషాల్లో తప్పులు దొరుకుతాయి. బాగా తప్పులుంటే క్యాప్షన్లు తీసేసి, కష్టమైన ఐదారు మాటలు ముందే బోర్డు మీద రాయండి.

వాడిన ప్రతి వీడియోకీ పేరు, ఛానెల్, లింకు, మొదలూ చివరా సమయాలు, ఆపాల్సిన చోట్లు, అక్కడ అడగాల్సిన ప్రశ్న పాఠ్యప్రణాళికలోనే రాసి పెట్టుకోండి. పెట్టినవాళ్లు ఎప్పుడైనా తీసేయొచ్చు, అందుకని పక్కన రెండో వీడియో లింకు కూడా ఉండాలి. పీరియడ్‌లో మొదటి 10 నిమిషాల్లోనే వేసేయండి. చివర్లో వేస్తే బెల్లు కొట్టేసి, జవాబు తప్పని తేలినవాళ్లు ఎందుకు తప్పో తెలియకుండానే లేచిపోతారు.