పాత బ్యాటరీలు విప్పే పని: గుడ్డ మాస్క్ సరిపోతుందా?

ప్రశ్న:
మా తమ్ముడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం ప్లేట్లు వేరుచేసే పనిలో చేరాడు. గుడ్డ మాస్క్ ఒకటి ఇచ్చారు. ఈమధ్య కడుపునొప్పి, మలబద్ధకం అంటున్నాడు, చిన్నదానికే విసుక్కుంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, రాగానే ఆ బట్టలతోనే ఎత్తుకుంటాడు. పాలు తాగితే సీసం దిగిపోతుందని తోటివాళ్లు చెప్పారట. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ప్లేట్ల విభాగంలో చాలాకాలం చేసినవాణ్ని, అందుకే చెప్తున్నానండీ. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, చేసే పని ఏమిటో విడమర్చి చెప్పండి. లేదంటే గ్యాస్ అనుకుని మందు రాసే ప్రమాదం ఉంది. రక్తంలో సీసం ఎంతుందో తేల్చే పరీక్ష వేరే ఉంటుంది, మామూలు రక్తపరీక్షలో అది తెలియదు. పాలు ఒంట్లో చేరిన సీసాన్ని బయటికి పంపవు. కాల్షియం, ఐరన్ తక్కువైతే సీసం ఇంకా ఎక్కువగా ఒంటబడుతుంది కాబట్టి మంచి తిండి తినాలి, అంతవరకే.

గుడ్డ మాస్క్ ఆ సీసం దుమ్మును ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే, పీ100 ఫిల్టరున్న (అతి సన్నని దుమ్మును కూడా ఆపే రకం) రెస్పిరేటర్ కావాలి. గడ్డం ఉంటే అదీ సరిగ్గా పట్టదు. కానీ అందరూ మరిచిపోయేది చేతులు. విరామంలో చేతులు ప్యాంటుకు తుడుచుకుని సిగరెట్ వెలిగిస్తారు, వేళ్ల మీది బూడిదరంగు పొడి నేరుగా పెదాలకు అంటుతుంది. గోళ్ల సందుల్లోది బ్రష్ పెట్టి రుద్దితే తప్ప పోదు. పనిచేసే చోట తినడం, తాగడం పూర్తిగా మానాలి.

జవాబు 2:
పాపకు కూడా వెంటనే పరీక్ష చేయించండి. పిల్లల మెదడు ఎదిగే వయసు, వాళ్లకు ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదు. తమ్ముణ్ని అక్కడే స్నానం చేసి, బట్టలు, చెప్పులు మార్చుకుని రమ్మనండి. పని బట్టలు దులపకుండా విడిగా ఉతకాలి.

ప్రశ్న అడిగినవారు:
రేపే ఇద్దర్నీ తీసుకెళ్తాను. అక్కడ రోజూ చీపురుతో ఊడుస్తారట, అది మంచిదేనా?

జవాబు 1:
అస్సలు వద్దు. పొడిగా ఊడిస్తే దుమ్మంతా గాల్లోకి లేస్తుంది, గాలి గొట్టంతో ఊదితే మరీ ఘోరం. తడిగుడ్డతో తుడవాలి, లేదా సన్నని దుమ్మును బయటికి వదలని హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడాలి. ఈ ఏర్పాటు యజమానే చేయాలి, గట్టిగా అడగమనండి. రక్తంలో సీసం ఎక్కువుంటే తగ్గేదాకా ఆ పనికి పంపొద్దు. ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుందండీ.