వీరగల్లులో ఉన్నది ఏ కల్లు?

ప్రశ్న: కొలనుపాక సోమేశ్వరాలయ ఆవరణలోని మ్యూజియం చూసి వచ్చాం. అక్కడి శిల్పాల్లో కొన్నిటిని వీరగల్లులంటారని మాతో వచ్చిన పెద్దాయన చెప్పారు. ఈ ‘గల్లు’ ఏమిటండీ? తాగే కల్లుతో దీనికి చుట్టరికం ఉందా?

జవాబు: లేదండీ. ఇక్కడ కల్లు అంటే రాయి. యుద్ధంలో పడిపోయిన వీరుడి పేర నిలిపిన రాయి వీరగల్లు. సమాసంలో ‘క’ కాస్తా ‘గ’ అయింది. ఓరుగల్లులో ఉన్నదీ ఈ కల్లే, అందుకే సంస్కృతంలో దాన్ని ఏకశిలానగరం అన్నారు. విడిగా ఇప్పుడెవరూ రాయిని కల్లు అనరు గానీ, పెళ్లికూతురి చేత సన్నికల్లు తొక్కిస్తూనే ఉన్నాం కదా!

తాగే కల్లు సంగతి పొరుగు భాషల్లో తేటగా కనిపిస్తుంది. కన్నడంలో రాయి ‘కల్లు’, తాగేది ‘కళ్ళు’. తమిళంలో ‘కల్’, ‘కళ్’. తెలుగులో రెండో మాటలోని ‘ళ’ పోయి ‘ల’ రావడంతో రెండూ ఒకటే అయి కూర్చున్నాయి.

మరొకరు: అయితే మ్యూజియం పలకల మీద ‘వీరశిల’ అని రాస్తే గొడవ ఉండదు కదండీ?

జవాబు: నా మనసు ఒప్పదండీ. ఒక వీరగల్లు ముందు కాసేపు నిలబడి చూడండి. చాలావాటిని కింది నుంచి పైకి చదవాలి. అడుగు వరుసలో పోరు, కొన్నిటిలో పక్కనే ఆవులు కూడా ఉంటాయి, మంద కోసం ప్రాణమిచ్చాడన్నమాట. ఆ పైన అప్సరసలు అతణ్ని చెరో పక్కనా పట్టుకుని తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన శివలింగం ముందు చేతులు జోడించి ఉంటాడు. కొసన సూర్యుడూ చంద్రుడూ: అవి ఉన్నంతకాలం ఇతని పేరు నిలవాలని. ఎన్నో రాళ్ల మీద ఆ పేరే లేదు, ఒక్క అక్షరమూ చెక్కలేదు. వాళ్లలో రాజులు కానివాళ్లు ఎందరో. అలాంటివాళ్ల కోసం నిలిపిన రాతికి ఉన్న దేశీయమైన పేరును కూడా తీసేస్తే ఎలా?

పలక మీద ‘వీరగల్లు’ అనే పెద్దగా రాయాలి. దాని కింద ‘వీరుడి స్మారకంగా నిలిపిన రాయి’ అని చిన్న అక్షరాల్లో ఒక వివరణ, ‘కింది నుంచి పైకి చూడండి’ అని ఇంకో మాట చేరిస్తే బడిపిల్లలు కూడా కథంతా వాళ్లంతట వాళ్లే చెప్పగలుగుతారు.