కన్వీనర్ సీటు వచ్చాక ముందు చేరిన కళాశాల ఫీజు, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకపోతే ఏం చేయాలి?

ప్రశ్న – విద్యార్థిని తండ్రి, హనుమకొండ

అందరికీ నమస్కారం. ఎప్‌సెట్ తొలి విడత కౌన్సెలింగ్‌లో మా అమ్మాయికి కోరుకున్న బ్రాంచి రాలేదు. ఏడాది వృథా అవుతుందేమోనన్న భయంతో వరంగల్ సమీపంలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో యాజమాన్య కోటా కింద చేర్పించి, మొదటి సంవత్సరం ఫీజు 1,20,000 రూపాయలు కట్టాము. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ ఒరిజినల్సే తీసుకున్నారు. ఆ తర్వాతి విడతలో నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కళాశాలలో కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే కన్వీనర్ సీటు వచ్చింది. అక్కడ ఒరిజినల్స్ తరువాత ఇస్తామని అండర్‌టేకింగ్ రాసి చేర్పించాము.

సీటు రద్దు చేసుకుంటున్నామని పాత కళాశాలకు తరగతులు మొదలవకముందే నోటిమాటగా చెప్పాము. ప్రిన్సిపాల్ వచ్చాక రమ్మన్నారు. రాతపూర్వక దరఖాస్తు ఇచ్చేసరికి తరగతులు ప్రారంభమయ్యాయి. ఇప్పుడు, కట్టిన ఫీజు తిరిగి రాదని, మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే టీసీ ఇస్తామని అంటున్నారు. చేరేటప్పుడు "ఫీజు తిరిగి అడగము" అన్న పత్రం మీద నాతో సంతకం చేయించుకున్నారు. ఆ సంతకానికి నేను కట్టుబడాలా?

జవాబు – న్యాయవాది, కాజీపేట

సార్, సర్టిఫికెట్ల విషయాన్నీ ఫీజు విషయాన్నీ విడివిడిగా చూడండి, ఎందుకంటే మొదటిదానిలో వాదనకు తావే లేదు. ఇంజినీరింగ్ కళాశాలలకు అనుమతినిచ్చే అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతుల నిబంధనల ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాల తన దగ్గర ఉంచుకోకూడదు. సీటు వదులుకున్న విద్యార్థిని తర్వాతి సంవత్సరాల ఫీజు ఏ దశలోనూ అడగకూడదు. కాబట్టి మూడేళ్ల ఫీజు అడగడం మీ మీద వేసిన ఒత్తిడే తప్ప వారికున్న హక్కు కాదు. భయపడి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఫీజు విషయంలో తేదీయే కీలకం. కోర్సు మొదలవకముందే సీటు వదులుకుంటే 1,000 రూపాయలకు మించని ప్రాసెసింగ్ రుసుము మినహాయించుకుని మిగతాదంతా తిరిగి ఇవ్వాలి. మొదలైన తర్వాత వదిలితే, ఆ సీటు ప్రవేశాల చివరి తేదీలోగా మరొకరితో నిండిందా లేదా అన్నది చూస్తారు. నిండితే చదివిన నెలల ఫీజు, హాస్టల్లో ఉంటే దాని అద్దె దామాషాగా తగ్గించుకుని మిగతాది ఇవ్వాలి. నిండకపోతే సెక్యూరిటీ డిపాజిట్, సర్టిఫికెట్లు మాత్రం ఇస్తే సరిపోతుంది. ఏది ఇచ్చినా 7 రోజుల్లో ఇవ్వాలి. ఇక మీరు పెట్టిన సంతకం, నా అభిప్రాయంలో, నియంత్రణ సంస్థ విధించిన షరతును తుడిచిపెట్టలేదు.

జవాబు – కళాశాల పరిపాలనా కార్యాలయంలో పనిచేసి విరమించిన ఉద్యోగి, కరీంనగర్

న్యాయవాది గారు చెప్పినది సరైనదే. కళాశాల వైపు బాధ కూడా ఒకటుంది: చివరి విడత తర్వాత ఖాళీ అయిన సీటు చాలాసార్లు నాలుగేళ్లూ ఖాళీగానే ఉంటుంది. అయినా ఆ నష్టానికి ఒక ఆడపిల్ల మెమోలను బీరువాలో పెట్టి తాళం వేయడాన్ని నేను ఏనాడూ సమర్థించలేదు.

నోటిమాటకు కార్యాలయంలో విలువ ఉండదు. ఆ రోజు ప్రిన్సిపాల్‌కో, అడ్మిషన్ల విభాగానికో మీరు పంపిన వాట్సాప్ సందేశం గాని, ఈమెయిల్ గాని ఉంటే జాగ్రత్తగా భద్రపరచండి. మీ దరఖాస్తు ప్రతి మీద, అది అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకున్నారా?

ప్రశ్న అడిగిన తండ్రి

ముద్ర వేయలేదు సార్. అయితే తరగతులకు రెండు రోజుల ముందు అడ్మిషన్ల ఇన్‌ఛార్జికి అమ్మాయి పంపిన వాట్సాప్ సందేశం ఉంది, "సరే, ఆఫీసుకు రండి" అన్న జవాబు కూడా ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని మా బంధువు ఒకరు అంటున్నారు.

జవాబు – న్యాయవాది, కాజీపేట

ఆ జవాబే మీకు బలం. తేదీ కనిపించేలా దాని ప్రింటు తీసి, ఫీజు రసీదు, నాచుపల్లి అలాట్‌మెంట్ ఆర్డరు జతచేసి, ఏ రోజు రద్దు కోరారో స్పష్టంగా రాసి, మళ్లీ ఒక దరఖాస్తును స్పీడ్ పోస్టులో ప్రిన్సిపాల్‌కు పంపండి. దాని ప్రతులను అనుబంధ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కూ, తెలంగాణ ఉన్నత విద్యామండలికీ పంపి, ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయండి. అనుమతినిచ్చిన సంస్థ, అనుబంధం ఇచ్చిన విశ్వవిద్యాలయం రెండూ వివరణ అడిగే పరిస్థితి వస్తే యాజమాన్యాల ధోరణి మారుతుందని నా అనుభవం.

వినియోగదారుల కమిషన్ మీకు మొదటి మార్గం కాదు. విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2020లో మనూ సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది కాబట్టి, కళాశాల మొదట ఆ అభ్యంతరమే లేవదీస్తుంది. సర్టిఫికెట్ల కోసం అవసరమైతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. అంతకుముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే రుసుము లేకుండానే ఇరుపక్షాలనూ పిలిపించి మాట్లాడిస్తారు.

అదనపు ప్రశ్న – మంచిర్యాల

మేడమ్, మా తమ్ముడు నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ మధ్యలో మానేశాడు. అతనికీ ఇవే నిబంధనలు వర్తిస్తాయా?

జవాబు – న్యాయవాది, కాజీపేట

వర్తించవు తమ్ముడూ. ఏఐసీటీఈ పరిధిలోకి కోచింగ్ కేంద్రాలు రావు. అయితే ఆ 2020 తీర్పే కోచింగ్ సంస్థలను విద్యాసంస్థలుగా పరిగణించలేదు కాబట్టి, మీకు జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది. వివాదం తలెత్తిన 2 సంవత్సరాల్లోపు వెళ్లాలి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషాగా ఫీజును, హాస్టల్, మెస్ ఛార్జీలతో సహా 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదులో వాటిని ప్రస్తావించండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.