వారం వారం ఫాగింగ్ చేయిస్తున్నా డెంగీ ఆగడం లేదు, తేడా ఎక్కడుంది?

కాంప్లెక్స్ కార్యదర్శి:
మాది నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్ సముదాయం. వానలు మొదలైన దగ్గర్నుంచి వారానికోసారి చీకటి పడ్డాక ఫాగింగ్ చేయిస్తున్నాం, కాలువల్లో మందు కొట్టిస్తున్నాం. అయినా పట్టపగలే తెల్లచారల నల్లదోమలు కాళ్ల మీద కుడుతున్నాయి. ఒకే బ్లాకులో వరసగా డెంగీ కేసులు వస్తున్నాయి. మురుగు నీరు ఎక్కడా నిలవలేదు. ఫాగింగ్ మందు మార్చాలా, లేక రోజు విడిచి రోజు కొట్టించాలా?

కీటకశాస్త్రం:
మందు కాదండి, మార్చాల్సింది వేళ, చోటు. మీరు చెప్పిన చారల దోమ ఏడిస్, డెంగీని మోసేది అదే. పొద్దెక్కే వేళ ఒక రెండు గంటలు, పొద్దుగూకే ముందు ఒక రెండు గంటలు ఎక్కువగా కుడుతుంది. చీకటి పడ్డాక మంచం కింద, బీరువా వెనక, కొక్కేలకు తగిలించిన బట్టల్లో నక్కి ఉంటుంది. ఫాగింగ్ పొగ అంటే గాలిలో తేలే సన్నటి తుంపర. అది ఎగిరే దోమ ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది. ఇళ్లవాళ్లు తలుపులు, కిటికీలు బిగించుకున్నాక బయట దారి మీద పొగ పెడితే రాత్రి తిరిగే క్యూలెక్స్ దోమలు కొన్ని చస్తాయి, అంతే. లార్వాలకు (నీళ్లలో పెరిగే దోమ పిల్లపురుగులకు), గుడ్లకు ఆ పొగ ఏమీ చేయదు. రోజు విడిచి రోజు కొట్టించినా అదే సంగతి.

కాలువ మందు కూడా డెంగీకి దాదాపు సంబంధం లేనిదే. మురుగులో పెరిగేది క్యూలెక్స్, దాంతో వచ్చేది బోదకాలు. ఏడిస్‌కు కావలసింది పాత్రల్లో, తొట్లలో కదలకుండా నిలిచిన తేట నీళ్లు. మురుగు లేదు కదా అని నిశ్చింతగా ఉన్న చోటే ఇది పెరుగుతుంది.

అసలు చిక్కు గుడ్ల దగ్గర ఉంది. ఏడిస్ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నల్లగా, మిల్లీమీటరు కన్నా చిన్నగా, మసి చుక్కల్లా కనిపిస్తాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే లార్వాలు బయటికొస్తాయి. కాబట్టి తొట్టిని ఒంపేసి మళ్లీ నింపితే ఏం లాభం లేదు. అంచు నుంచి అడుగు దాకా గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి, ఆ నీళ్లను ఎండు నేల మీద పారబోయాలి. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ దాకా 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి తప్పకుండా కడగమనేది అందుకే. ఒక్క వారం మానేస్తే ఒక తరం దోమలు లేచినట్టే.

పొగ పూర్తిగా దండగ అనడం లేదు. కేసు వచ్చిన ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో, గదుల లోపల కొడితే ఉపయోగం. పైరిథ్రమ్ అనే దోమల మందు 2 శాతం ద్రావణం 1 వంతుకు కిరోసిన్ 19 వంతులు కలిపి వాడతారు. కిరోసిన్ కాబట్టి స్టవ్, దీపాలు ముందే ఆర్పాలి. తిండి, తాగునీళ్లు, చేపల తొట్టి కప్పేసి మనుషులు బయటికి రావాలి. కొట్టాక అరగంట తలుపులు మూసి ఉంచి, తర్వాత బాగా గాలి ఆడనివ్వాలి. ఈ పని శిక్షణ ఉన్న సిబ్బందే చేయాలి.

ప్లంబింగ్ మనిషి:
పైవారు చెప్పిన 'తేట నీళ్లు' మీ భవనంలో ఎక్కడున్నాయో వెతకండి. మొదట పైకప్పు ఎక్కండి. ట్యాంకు మూత బిగుతుగానే ఉంటుంది, ఓవర్‌ఫ్లో పైపు మాత్రం తెరిచి ఉంటుంది. దోమ వెళ్లేది ఆ దారినే. రంధ్రం 1.2 మిల్లీమీటర్లు మించని స్టీలు జాలీని పైపు బయటి చివరకు చుట్టి క్లాంపుతో బిగించండి. ప్లాస్టిక్ జాలీని తాడుతో కడితే ఎండకు పెళుసెక్కి చిరిగిపోతుంది, ఆ సంగతి ఎవరూ గమనించరు. పైపు మూతి కిందికి తిరిగి ఉండేలా ఎల్బో (వంపు ముక్క) వేయండి, లేకపోతే ఆకులు, దుమ్ము పడి జాలీ పూడుతుంది. నీళ్లు మూత దగ్గర పొంగుతున్నాయని ఎవరో ఒకరు దాన్ని పీకేస్తారు. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికీ ఇలాంటి జాలీయే కట్టాలి.

తర్వాత లిఫ్ట్ గుంత. వాన నీరు ఊరి, గుంత అడుగున నిలుస్తుంది, మెకానిక్ తప్ప ఎవరూ తొంగి చూడరు. సంపు మూతకు పట్టుకోవడానికి పెట్టిన కన్నం, వాల్వు గుంతలు, ఏసీ నీళ్ల కింద పెట్టిన బకెట్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్లేలు, సీసాలో పెంచే మనీప్లాంట్, పాత టైర్లు, ఇవన్నీ చూడండి.

ఒకే బ్లాకులో కేసులు అంటున్నారు కాబట్టి ఆ బ్లాకులో తాళం వేసిన ఫ్లాట్లు ఉన్నాయేమో చూడండి. నెలల తరబడి ఫ్లష్ చేయని కమోడ్‌లో, ఫ్లష్ ట్యాంకులో నీళ్లు కదలకుండా ఉంటాయి. తాళంచెవి తెప్పించి వారానికోసారి ఫ్లష్ చేయించండి. కుదరకపోతే ఫ్లష్ ట్యాంకు ఖాళీ చేసి, కమోడ్ మూత దించి చుట్టూ టేపు అంటించండి.

కాంప్లెక్స్ కార్యదర్శి:
తాళం వేసిన ఫ్లాట్లు ఆ బ్లాకులోనే ఎక్కువండి, ఈ కోణం తట్టలేదు. లిఫ్ట్ గుంతలో, కడగడానికి వీల్లేని పెద్ద సంపులో ఏ మందు వేయాలి? తాగే నీళ్లలో వేయొచ్చా?

కీటకశాస్త్రం:
లార్వాలను చంపే టెమిఫాస్ మందులో తాగునీటికి అనుమతి ఉన్న రకం వేయొచ్చు, కానీ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. 1 శాతం గుళికలైతే 100 లీటర్లకు 10 గ్రాములు, వెయ్యి లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. 50 శాతం గాఢతతో వచ్చే ద్రవం తాగునీళ్ల దరిదాపులకు తేవద్దు. లిఫ్ట్ గుంతను మాత్రం ముందు పంపుతో తోడించి, ఊట ఆపించండి. అదొక్కటే శాశ్వతం.

బీటీఐ ఇంకో దారి. అది బ్యాక్టీరియా మందు, లార్వా దాన్ని తింటేనే చస్తుంది. ప్యూపా (లార్వా దోమగా మారే ముందు దశ) ఏమీ తినదు కాబట్టి దానికి పనిచేయదు. నీళ్లలో కామా గుర్తులా వంగి, తాకగానే మునిగి దొర్లేవి కనిపిస్తే అవి ప్యూపాలే. రెండు రోజుల్లో దోమలవుతాయి. అప్పుడు మందు కోసం చూడక నీళ్లు పారబోయడమే. ఎక్కువ ప్యూపాలు ఎక్కడ దొరికితే అక్కడ ముందు పని పెట్టుకోండి. చాలాచోట్ల కొద్దిపాటి పాత్రల నుంచే ఎక్కువ దోమలు లేస్తాయి.

మందు వేశాక 24 గంటలకు టార్చి వేసి చూడండి. లార్వాలు ఇంకా హుషారుగా ఉంటే మోతాదు తగ్గిందో, దోమలకు ఆ మందు అలవాటు పడిపోయిందో అనుకోవాలి. మోతాదు సరిగ్గానే ఉంటే ఎక్కువ పోయకండి, మందు రకం మార్చండి. లార్వా తల కిందులుగా వాలి వేలాడుతుంటే ఏడిస్ లేదా క్యూలెక్స్, నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటే మలేరియాను మోసే అనాఫిలిస్. అనాఫిలిస్‌లో స్టీఫెన్సై అనే జాతి పట్టణాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో కూడా పెరిగి మలేరియా తెస్తుంది. మీరు బిగించే జాలీ దాన్నీ ఆపుతుంది.

జ్వరాల వార్డు:
అందరూ నీళ్ల గురించే చెప్పారు, రోగి గురించి కూడా చూడండి. జ్వరం ఉన్న రోజుల్లో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల తర్వాత వైరస్‌ను ఇతరులకు ఎక్కించడం మొదలుపెట్టి, బతికినంత కాలం ఎక్కిస్తూనే ఉంటుంది. ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి దూరం పోదు, ఒకే బ్లాకులో కేసులు రావడం దానివల్లే. జ్వరం వచ్చినవారు పగలు కూడా దోమతెరలోనే పడుకోవాలి. ఇది చాలామంది పాటించరు.

జ్వరం మొదలైన మొదటి 5 రోజుల్లో వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష, ఆ తర్వాత వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే రోజులే ప్రమాదకరం. ఆ ఒకటి రెండు రోజుల్లో కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఒళ్లు చల్లబడడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూస్తూ కూర్చోకండి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతోందా అని డాక్టర్ని అడగండి. అది పెరిగిందంటే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారుతోందని గుర్తు.