అప్‌డేట్: గవర్నమెంట్ జాబ్ మానేయాలా అని అడిగా కదా

ప్రైవేట్‌లో అకౌంట్స్ పని వదిలేసి జూనియర్ అసిస్టెంట్‌గా చేరా, ఊపిరాడట్లేదు, వెనక్కి పోవాలా అని అడిగా కదా. చాలామంది పెన్షన్ వదులుకోకు అన్నారు, కానీ మా తెలంగాణలో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినోళ్ళకి పాత పెన్షన్ లేదండీ, సీపీఎస్సే (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్), బేసిక్ ప్లస్ డీఏలో 10 శాతం మన జీతంలోంచే కట్. అసలు చిరాకు అది కాదు, ప్రింటర్ టోనర్‌కి కూడా నోట్ ఫైల్ పెట్టాలి, అది సూపరింటెండెంట్ దగ్గర్నుంచి ఏదో కొర్రీతో తిరిగొస్తుంది, మళ్ళీ రాయి, మళ్ళీ పంపు, పాత ఆఫీసులో అయితే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే సాయంత్రానికి వచ్చేసేది (రాత్రి పదింటికి మేనేజర్ ఫోన్ కూడా వచ్చేదిలెండి). ప్రస్తుతానికి రిజైన్ చేయట్లేదు, ప్రొబేషన్ డిక్లేర్ అయ్యాక చూస్తా. ఈలోపు గ్రూప్-2 రాద్దామనుకుంటున్నా, సర్వీసులో ఉంటూ ఎన్‌ఓసీ (పరీక్ష రాయడానికి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే లెటర్) తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ప్రాసెస్ చెప్పండి ప్లీజ్.