పాత డీజిల్ పికప్: లైట్లు వేస్తే డీజిల్ ముల్లు కిందికి, సగం ట్యాంకు దగ్గర గెంతులు

లోడుబండి (ప్రశ్న):

2007 మోడల్ డీజిల్ పికప్. 12 వోల్టులు, ముళ్ళ మీటరు. పగలు ఫుల్ ట్యాంకుకు ముల్లు ఎఫ్ దాకా వస్తుంది. రాత్రి లైట్లు వేయగానే ముప్పావుకు దిగుతుంది, బ్రేకు తొక్కితే ఇంకో గీత పడుతుంది. లైట్లు ఆర్పితే మళ్ళీ పైకి. ఇది కాక డీజిల్ సగానికి వచ్చాక గుంతల్లో ముల్లు ‘ఈ’ (ఖాళీ) గీత దాకా పడి లేస్తోంది. పావుకు దిగాక మళ్ళీ బుద్ధిగా ఉంటుంది. టెంపరేచర్ ముల్లు సరిగ్గానే ఉంది. మీటరు బోర్డు మార్చమని ఒకరు, ట్యాంకులో ఫ్లోటు (డీజిల్ మట్టంతో లేస్తూ దిగుతూ రెసిస్టెన్స్ మార్చి మీటరుకు చెప్పేది) మార్చమని ఇంకొకరు. డబ్బు పెట్టేముందు ఏది చూడాలి?

ఎర్తు పిచ్చోడు:

మీటరు బోర్డు జోలికి ఇప్పుడే పోకండన్నా. మీటరు వెనక వోల్టేజి స్టెబిలైజర్ ఉన్న బళ్ళలో అది డీజిల్ ముల్లుకీ టెంపరేచర్ ముల్లుకీ కలిపే ఉంటుంది. అది పోతే రెండు ముళ్ళూ కలిసి తప్పు చెబుతాయి. మీకు ఒకటే చెబుతోంది.

లైట్లు వేస్తే దిగుతోందంటే అది ఎర్తే, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగెళ్ళే దారి. వెనక లైట్లూ ట్యాంకు ఫ్లోటూ ఒకే ఎర్తు బోల్టు మీద ఉండి, ఆ బోల్టు కింద తుప్పు పట్టిందనుకోండి. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు కలిపి మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతాయి. ఆ తుప్పు అర ఓం అడ్డు పెట్టినా చాలు, అక్కడ ఒకటిన్నర వోల్టు నిలబడిపోతుంది. ఫ్లోటు ఎర్తు కొస కూడా ఆ వోల్టేజి మీదే కూర్చుంటుంది కాబట్టి మీటరుకు కరెంటు తగ్గి, డీజిల్ తక్కువున్నట్టు చూపిస్తుంది. బ్రేకు లైటు వెలుగు కూడా కాస్త మందంగా ఉందేమో చూడండి.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర పిన్ను వెనక లైటు ఎర్తు వైరుకి. ఒకర్ని బ్రేకు తొక్కమని, అప్పుడు చదవండి. 0.1 దాటకూడదు. తర్వాత అదే పని ఫ్లోటు ప్లేటు మీద. ఓంలలో కొలిస్తే ఈ లోపం సరిగ్గా దొరకదు, కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది.

వైరు కొస:

ఎర్తు మాట నిజమే. కానీ సగం దగ్గర గెంతులు వేరే జబ్బు, రెండూ కలిపి చూస్తే తికమక పడతారు.

ముందు మీటరు సరిగ్గా ఉందని తేల్చుకోండి. తాళం ఆన్ చేసి, ట్యాంకు మీది ప్లగ్ పీకేయండి. లైటు కరెంటుకు ముల్లు దిగుతోందంటే మీ ఫ్లోటు ఖాళీకి 240, ఫుల్‌కి 33 ఓంల రకానికి దగ్గరది అయ్యుండాలి. ఇందులో ప్లగ్ పీకితే ముల్లు ‘ఈ’ గీత కిందికి పోవాలి. ఇప్పుడు మీటరుకు వెళ్ళే సిగ్నల్ వైరుకూ మంచి ఎర్తుకూ మధ్య 100 ఓంల రెసిస్టర్ పెట్టండి: ముల్లు సగం దగ్గర ఆగాలి. 33 ఓంలు పెడితే ఎఫ్ దగ్గర. ఒక వాటు రెసిస్టర్లు తీసుకోండి, ఎలక్ట్రానిక్స్ షాపులో చిల్లర డబ్బులే. పాత మీటర్లలో ముల్లు మెల్లగా కదులుతుంది, అర నిమిషం ఆగి చూడండి. ఫ్లోటు వైరును నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు మాత్రం ఎప్పుడూ తాకించకండి, ఫ్లోటులోని పల్చటి రెసిస్టెన్స్ పట్టీ కాలిపోతుంది.

ఈ మూడూ సరిపోతే మీటరూ, ముందు వైరింగూ నిర్దోషులు. ఇక ఫ్లోటు బయటికి తీయాల్సిందే. ట్యాంకు పావుకి దిగాక తీయండి, చేతులు తక్కువ తడుస్తాయి. బ్యాటరీ నెగటివ్ విప్పి, ప్లేటు చుట్టూ మట్టి బ్రష్‌తో దులిపాకే విప్పండి. లేకపోతే ఆ మట్టంతా ట్యాంకులోకే.

లోడుబండి:

లైటు ఎర్తు దగ్గర బ్రేకు తొక్కక ముందు 0.03, తొక్కాక 1.4 వోల్టులు. రెసిస్టర్ పరీక్షల్లో మూడూ మీరు చెప్పినట్టే వచ్చాయి. ఎర్తు బోల్టు విప్పితే రింగ్ టెర్మినల్ అంతా పచ్చ చిలుము. ఫ్లోటు తీసి దాని చెయ్యిని (ఊగే కడ్డీని) కింది నుంచి పైకి మెల్లగా లేపుతూ ఓంలు కొలిస్తే 242, 190, 150, 118, తర్వాత కాసేపు ఓఎల్ (సర్క్యూట్ తెగినట్టు), మళ్ళీ 96, ఆ పైన 34 దాకా. ఫ్లోటు ఊపితే లోపల డీజిల్ చేరిన చప్పుడేమీ లేదు. స్ప్రే కొట్టి మళ్ళీ బిగించేయొచ్చా?

వైరు కొస:

118 కీ 96 కీ మధ్య ఓఎల్ వచ్చిందంటే పట్టీ అక్కడ అరిగిపోయిందన్నమాట. బండి ఎక్కువగా సగం ట్యాంకుతోనే తిరుగుతుంది కదా, ఊగులాటంతా ఆ నాలుగు మిల్లీమీటర్ల మీదే పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ మురికిని తీస్తుందే కానీ, పోయిన కార్బన్ పొరను తేలేదు. రాసుకునే చిన్న కాంటాక్టును ముక్కు పటకారుతో వెంట్రుకవాసి పక్కకు వంచి కొత్త దారిలో నడిపించే వాళ్ళున్నారు. కొంతకాలం నడుస్తుంది. నా మటుకు, ట్యాంకు ఎలాగూ విప్పారు కాబట్టి ఫ్లోటు యూనిట్ మార్చేయండి.

పాతదాన్ని షాపుకు తీసుకెళ్ళండి. ప్లేటు నుంచి ఇరుసు దాకా లోతు, చెయ్యి పొడవు, బోల్టు రంధ్రాల వరస మూడూ కలవాలి. అయిదు బోల్టుల ప్లేట్లలో రంధ్రాలు సమదూరంలో ఉండవు, ఒక్క దిక్కులోనే కూర్చుంటుంది, బలవంతం చేయకండి. డబ్బులిచ్చేముందు కౌంటరు దగ్గరే ఓంలు కొలవండి. 10 నుంచి 180 రకం అంటగడితే ముల్లు తలకిందులుగా పనిచేస్తుంది, ఖాళీ ట్యాంకుకు ఫుల్ చూపిస్తుంది.

రబ్బరు వాషరు కొత్తదే వేయండి, డీజిల్‌కు తట్టుకునే నైట్రైల్‌ది. మామూలు సిలికాన్ పేస్టు పూయకండి, డీజిల్ తగిలితే మెత్తబడి ముక్కలై ఫిల్టర్లోకి పోతుంది.

ఎర్తు పిచ్చోడు:

ఎర్తు కూడా తూతూమంత్రంగా చేయకండి. లోడు బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చునే బళ్ళలో బాడీకి బిగించిన ఎర్తు ఛాసిస్‌కు సరిగ్గా చేరదు. ఛాసిస్ మీద ఒక బోల్టు దగ్గర రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమిరీ పేపర్ కొట్టండి. కొత్త రింగ్ లగ్, పళ్ళ వాషరు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు. బిగించాక పైన గ్రీసు పూయండి, కింద కాదు. ఫ్లోటు ప్లేటు నుంచి విడిగా ఇంకో వైరు లాగి వేరే బోల్టుకు ఇవ్వండి. ఇక లైట్ల కరెంటుతో దానికి సంబంధమే ఉండదు.

లోడుబండి:

ఎర్తు అయింది, ఇప్పుడు 0.04. లైట్లు వేసినా ముల్లు కదలట్లేదు. కొత్త యూనిట్ పెట్టాక ఎన్ని లీటర్లకు ఎక్కడ చూపిస్తుందో తెలుసుకోవాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలా?

వైరు కొస:

నడిపి ఖాళీ చేయకండి. డీజిల్ బండి ఎండిపోతే లైన్లో గాలి పడుతుంది, ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి ఎయిర్ తీసేదాకా స్టార్ట్ కాదు. ముల్లు ‘ఈ’ గీత మీదికి వచ్చాక బండిని సమతలం మీద ఆపి, డబ్బాతో అయిదేసి లీటర్లు పోయండి. ప్రతిసారీ ఒక నిమిషం ఆగి, ముల్లు ఎక్కడుందో టేప్ ముక్క మీద గీత గీయండి. గీతలు సమానంగా పడకపోతే కంగారు పడకండి, ట్యాంకు మూలలు గుండ్రంగా ఉంటే అలాగే వస్తాయి. మొదటి అయిదు లీటర్లకు ముల్లు అసలు లేవకపోతే మాత్రం ఫ్లోటు చెయ్యిని కాస్త కిందికి వంచాలి. అలా వంచితే ఖాళీ దగ్గర ఫ్లోటు ట్యాంకు అడుగుకు తగలకుండా చూసుకోండి.